ఆగస్టు నొప్పి

12 ఆగస్టు 2007, ఆదివారం

ఏడాది సగం దాటాక డైరీ కొనే మనిషి మా ఆయన ఒక్కడే. "అశ్వారావుపేటల దుకాణపాయన పాతదని ఊకెనే ఇచ్చిండు. నువ్వు రాయాల్సింది ఎట్లాగు ఆగస్టు నుంచే గదా" అన్నాడు బలరాం. నిజమే. నాకు ఏడాది ఆగస్టులోనే మొదలవుతుంది.

తలనొప్పి ఇంకా రాలేదు. రేపో ఎల్లుండో వస్తుంది. పాత క్యాలెండర్లు దించి చూశాను. నిరుడు ఆగస్టు పదిహేనున, దవాఖానాలో జెండా ఎగరేస్తుంటే వచ్చింది. అంతకు ముందేడు పదకొండున. ఆ ముందు పదహారున, ఆ ముందు పద్నాలుగున. ప్రతి ఏడూ ఆగస్టు రెండో వారంలో దిగుతుంది, సెప్టెంబరు ఆఖరుకు మాయమవుతుంది. మిగతా పది నెలలూ నా తలకాయ ఊసే ఉండదు.

ఈ నాలుగేళ్ళలో దాన్ని నయం చేసినవాళ్ళు నలుగురు. 2003లో అప్పటి డాక్టరు మలేరియా అన్నాడు. రోజూ ఒకే టైముకు వస్తోంది కదా, ఈ అడవి పక్కన టైము ప్రకారం వచ్చేది ఇంకేముంటుంది అన్నాడు. దవాఖానాలో ల్యాబు పని నాదే కాబట్టి నా రక్తం నేనే మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసుకున్నాను, ఏమీ లేదు. అయినా గోళీలు మింగించాడు. మొదటిసారి తగ్గలేదు, రెండోసారి తగ్గలేదు, మూడోసారి తగ్గింది. 2004లో మా అత్త సీత్లా భవానికి మేకను మొక్కింది, వారంలో తగ్గింది. 2005లో ఖమ్మంలో కళ్ళ డాక్టరు కళ్ళజోడు రాశాడు, పది రోజుల్లో తగ్గింది. నిరుడు సత్తుపల్లిలో పై దవడ పన్ను పీకారు. మూడో రోజుకు తగ్గింది. పుచ్చు కూడా లేని గట్టి పన్ను అది.

నలుగురూ ఇప్పటికీ నన్ను తామే బాగుచేశామని చెప్పుకుంటారు. నాకు తోచేది వేరు. నలుగురూ చెయ్యి వేసింది సెప్టెంబరు నెలాఖరులోనే. అది పోయే వేళకు ఎవరు ఎదురొస్తే వాళ్ళకే పేరు.

ఈ ఏడు ఆ పేరు ఎవరికీ ఇవ్వను. గోళీ లేదు, మొక్కు లేదు. వచ్చిన టైము, పోయిన టైము ఇందులో రాస్తాను. దానంతట అదే వచ్చి దానంతట అదే పోతుందని నా చేతిరాతతో తేల్చేస్తాను.

13 ఆగస్టు

రాలేదు.

14 ఆగస్టు, మంగళవారం

వచ్చింది. 11:20.

ముందు కుడి ముక్కు మూసుకుపోయింది. తర్వాత కుడి రెప్ప బరువెక్కి కన్ను కారడం మొదలైంది. అప్పటికి నాకు ఇంకో ఐదు నిమిషాలు ఉంటాయి. స్లైడు పక్కన పెట్టి, మైక్రోస్కోపుకు ముసుగు వేసి, వరండా చివర దోమతెరలు దాచే గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. ఇక కంటి వెనక నుంచి ఎర్రగా కాల్చిన చువ్వను ముందుకు నెడుతున్నట్టే. మామూలు తలనొప్పి వచ్చిన మనిషి పడుకుంటుంది. ఇది పడుకోనివ్వదు, కూర్చోనివ్వదు. దోమతెరల మూటల చుట్టూ తిరిగాను. నుదురు గోడకేసి కొట్టుకున్నాను. కొట్టుకుంటే తగ్గుతుందని కాదు. నేను పెట్టే నొప్పి కూడా ఒకటి ఉండాలని.

12:40కి పోయింది. ముఖం కడుక్కుని ఒంటిగంటకు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. పదహారు స్లైడ్లు చూశాను. రెండింటిలో పీఎఫ్ ఉంది. మెదడుకెక్కే మలేరియాకు దవాఖానాలో మేమంతా పెట్టుకున్న పొట్టి పేరు అది. ఇద్దరికీ సాయంత్రంలోగా మందు అందింది.

నా పని నేను చేశాను. దాని పని అది చేసుకుంది.

15 ఆగస్టు

11:20 – 12:35. జెండా వందనంలో మిఠాయి పంచేది నేనే. ముందే పంచేసి వెళ్ళిపోయాను.

16 ఆగస్టు, గురువారం

కొత్త డాక్టరమ్మ జ్యోత్స్న నా కన్ను చూసింది. ఆమె వచ్చి రెండు నెలలే, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న.

"కన్ను ఎందుకంత ఎర్రగుంది ప్రమీల గారూ?"

"దుమ్ము పడింది మేడమ్."

"కళ్ళతో ఇబ్బంది ఉంటే చెప్పండి. మైక్రోస్కోపు దగ్గరకు వేరేవాళ్ళను పిలిపిస్తా, మీరు ఓపీ చీటీలు రాద్దురుగాని. మలేరియా సీజన్లో స్లైడ్ల దగ్గర పొరపాటు జరగొద్దు."

ఓపీ చీటీలట! మా తండాలో పది పాసైన మొదటి ఆడపిల్లను నేను. వరంగల్‌లో చదువుకుని వచ్చి ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నాను. ప్రతి నెలా మా స్లైడ్లలో కొన్నింటిని ఖమ్మం తీసుకుపోయి మళ్ళీ చూస్తారు. ఎనిమిదేళ్ళలో నా చూపులో ఒక్క తేడా రాలేదు. గూడేల వాళ్ళు "ప్రమీలమ్మ చూసిందా?" అని అడిగాకే మందు మింగుతారు. ఆ కుర్చీ నాది. ఏటా ఆరు వారాలకు చుట్టపుచూపుగా వచ్చిపోయే దానికి నా కుర్చీ ఎందుకిస్తాను?

ఎవరికీ చెప్పను.

18 ఆగస్టు

11:20 – 12:45.

19 ఆగస్టు, ఆదివారం

ఆదివారమని కూడా చూడదు. 11:20 – 12:50.

తండాలో తీజ్ నడుస్తోంది. పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్ళు పోస్తూ పాడుతున్నారు. నేను ఇంటి వెనక కందిచేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. మా అత్త నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"గింత మొండితనం ఎందుకు పిల్లా? ఒక్క మేకనే గదా. మూడేండ్ల కింద ఇస్తే తగ్గలే?"

"మేకతోనే తగ్గితే మరుసటేడు మళ్ళ ఎందుకొచ్చింది?"

"మరుసటేడు మేకను ఇయ్యలే గదా!"

అత్తతో వాదనలో ఈ జన్మకు గెలవలేను. కళ్ళు కారుతూనే నవ్వు వచ్చింది. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, నాతోపాటు గట్టు మీద నడిచింది. నాలుగు రౌండ్లు కూడా తిరగకముందే ఆయాసపడి కూర్చుంది. నేను ఆగలేదు.

22 ఆగస్టు

11:20. మా ఊరి బస్సు కూడా ఇంత టైముకు రాదు.

24 ఆగస్టు, శుక్రవారం

మా మైక్రోస్కోపుకు ఒకటే గొట్టం. ఎనిమిదేళ్ళుగా కుడి కంటితోనే చూస్తున్నాను. నొప్పి వచ్చేది కూడా ఆ వైపే. ఇవాళ్టి నుంచి ఎడమ కన్ను అలవాటు చేసుకుంటున్నాను. అదీ కన్నే కదా. కుడి కన్ను ఏడుస్తుంటే ఎడమ కన్ను పని చేస్తుంది. ఆలోచిస్తే అన్నిటికీ దారి ఉంటుంది.

25 ఆగస్టు

11:20 – 12:30. తర్వాత ఎడమ కంటితో ఐదు స్లైడ్లు చూశాను. బాగానే ఆనుతోంది.

28 ఆగస్టు, మంగళవారం

సంత రోజు. నలభై స్లైడ్లు. జంపక్క చింతవాగు గూడెం నుంచి తొమ్మిది తెచ్చింది. ఆ గూడెంలో జ్వరాలకు సూది గుచ్చి రక్తం తీసేదీ, గోళీలు ఇచ్చేదీ ఆమే. ఐదు మైళ్ళు నడిచి వచ్చింది. తెల్లారక ముందు నుంచీ వాన.

"జల్దీ చూడు ప్రమీలమ్మా. వాగు పొంగితే అవతలికి పోలేను" అని వరండాలో కూర్చుంది.

ఎనిమిది చూశాను. తొమ్మిదోది ఆదెమ్మది, నంబరు 417. అది లెన్సు కింద పెట్టగానే ముక్కు మూసుకుపోయింది. గడియారంలో ఇంకా 11:05. ఇవాళ ముందే వచ్చింది, దొంగలాగ. లేవాలి. లేస్తే జంపక్క అడుగుతుంది, అటు గదిలోంచి డాక్టరమ్మ చూస్తుంది.

లేవలేదు. ఎడమ కంటితో చూశాను. పూర్తి చేసే లేచాను. లేదు అని కాగితం రాసి జంపక్క చేతిలో పెట్టి, పరుగెత్తకుండా మామూలుగా నడిచి దోమతెరల గదికి వెళ్ళాను.

ఇవాళ గెలిచింది నేను. వంద చూశాను.

29 ఆగస్టు

11:20 – 12:30. శిక్షణలో మా సారు చెప్పేవాడు: అద్దంలో కనబడే గుండ్రటి జాగా ఒక ఫీల్డు. రక్తపు చుక్కను కొద్దికొద్దిగా జరుపుతూ అలాంటివి వంద చూడాలి. వంద చూడకుండా "లేదు" అనే మాట నోట రాకూడదు.

వంద చూశాను.

30 ఆగస్టు

11:20 – 1:05. రాయడానికి ఏమీ లేదు.

1 సెప్టెంబరు

11:20 – 12:40. 417లో వంద చూశాను. మళ్ళీ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

3 సెప్టెంబరు, సోమవారం

ఆదెమ్మను మంచం మీద మోసుకొచ్చారు.

4 సెప్టెంబరు, మంగళవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి నలుగురు మనుషులు, ముందు ఆమె పెనిమిటి వీరబాబు. కాళ్ళకు మోకాలి దాకా బురద. ఆదెమ్మ కళ్ళు తేలేసి ఉంది. పిలిస్తే పలకడం లేదు. చేతులు బిగుసుకుపోతున్నాయి. డాక్టరమ్మ వేలి మీద సూది గుచ్చి పట్టీ పరీక్ష చేసింది. పీఎఫ్. సూదిమందు ఇచ్చి జీపు ఎక్కించి భద్రాచలం పంపింది.

జీపు వెళ్ళాక జంపక్క నా గది గుమ్మంలో నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ కాగితంల లేదు అని ఉన్నది. ముందు ఇచ్చిన గోలీలు కూడ అందుకే ఆపిన. ఉట్టి జరమే, పోతదిలే అని చెప్పిన. మా గూడెపోల్లు ఎవ్వరి మాట ఊకెనే పట్టుకోరు ప్రమీలమ్మా. నీ మాట పట్టుకున్నరు."

"ఒక్కోసారి తర్వాత కూడా పుడుతుంది జంపక్కా. ఆ రోజు ఉండకపోవచ్చు" అన్నాను.

ఆమె నమ్మింది. తల ఊపి వెళ్ళిపోయింది.

11:20కి అది వచ్చింది. నిన్న దాన్ని తిట్టలేదు.

5 సెప్టెంబరు, బుధవారం

స్లైడ్ల పెట్టె గురించి రాసి పెట్టుకోవాలి.

ఖమ్మం వాళ్ళు పరీక్షకు తీసుకుపోయేది సున్నాతో ముగిసే నంబర్లే. 410 పోతుంది, 420 పోతుంది. 417 పోదు. మరుసటి నెల మధ్యలో మిగతా స్లైడ్లన్నీ సబ్బునీళ్ళలో వేసి కడిగి మళ్ళీ వాడతాం. కడిగేది నేనే. తర్వాత పుట్టిందన్న నా మాట అందరూ నమ్ముతున్నారు కాబట్టి ఇవాళ కడిగినా అడిగేవాళ్ళు లేరు. ఎనిమిదేళ్ళు ఒక్క తేడా రాలేదన్న మాట అలాగే ఉండిపోతుంది.

మధ్యాహ్నం రెండింటికి, తల తేటగా ఉన్నప్పుడు, 417 తీసి కుడి కంటితో చూశాను.

నలభై రెండో ఫీల్డులో సన్నటి ఉంగరం. నలభై ఆరులో రెండు. ఆ తర్వాత ఇక వెతకనక్కర్లేదు.

వంద చూడలేదు. ఆ రోజు ముప్పై చూశాను. ముప్పై ఐదు అనుకుందాం. మిగతావి కన్నీళ్ళు. గెలిచానని రాసుకున్నాను చూడు, ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపను. ఉండనీ, నా ముఖం మీద కొట్టడానికి.

సబ్బునీళ్ళ గిన్నె బల్ల కిందే ఉంది. స్లైడు చేతిలోనే ఉంది. ఒక నొప్పికి తల వంచనని ఇన్ని రోజులు ఎగిరాను. ఇప్పుడు ఒక గాజుముక్కకు భయపడి కడిగేస్తే నా మొండితనం ఎందుకు పనికొచ్చినట్టు?

6 సెప్టెంబరు, గురువారం

పొద్దున్నే స్లైడు తీసుకుపోయి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. చూసింది. ముఖం మాడిపోయింది.

"ఆ రోజు ఎన్ని ఫీల్డులు చూశారు?"

"ముప్పై దాటి ఉంటాయి."

"మరి లేదు అని ఎట్లా రాశారు?"

"లేచి వెళ్ళకూడదని పట్టుబట్టాను మేడమ్."

"ఎవరి మీద పట్టు? ఆ మనిషికి చిన్న బిడ్డ ఉంది తెలుసా?"

తెలుసు. జంపక్క చెప్పింది. డాక్టరమ్మ మెమో రాసింది. ల్యాబు తాళం ఇమ్మంది. ఇచ్చాను. ఇవ్వాల్సిందే, అందులో నాకు ఎదురు లేదు.

కానీ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. "తప్పు నాది. శిక్ష వెయ్యండి. కానీ నాకు పిచ్చి లేదు, మలేరియా లేదు, పన్ను పుచ్చలేదు. దీనికి ఒక క్యాలెండరు ఉంది. నాలుగేళ్ళుగా ఎవ్వరూ చూడలేదు. మీరు చూడండి" అని తేదీలన్నీ ఎక్కించిన కాగితం ఆమె ముందు పెట్టాను. గొంతు పెద్దదైంది. మందుల గదిలోంచి తొంగి చూశారు. చూడనీ.

11:20కి ఈసారి దోమతెరల గదికి పోలేదు. వరండాలోనే తిరిగాను. కన్ను కారింది, రెప్ప వాలింది, నోట మాటలు ఏవేవో వచ్చాయి. ఓపీకి వచ్చినవాళ్ళు బెదిరిపోయారు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి గడియారం చూస్తూ ఉండిపోయింది. దాచడం మానేస్తే ఎంత హాయో.

8 సెప్టెంబరు, శనివారం

డాక్టరమ్మ హైదరాబాదులో తనకు చదువు చెప్పిన సారుకు ఫోన్ చేసిందట. దీనికి పేరు ఉంది. క్లస్టర్ తలనొప్పి. ఏటా ఒకే ఋతువులో గుంపుగా దిగుతుందట, రోజూ ఒకే గంటకు వస్తుందట, కొన్ని వారాలుండి దానంతట అదే పోతుందట. "పగలు రాత్రుల పొడుగు మారేటప్పుడు మెదడులోని గడియారం దీన్ని లేపుతుందని అనుకుంటున్నారు. ఇంకా పూర్తిగా ఎవరికీ తెలీదు" అంది. "మగవాళ్ళలోనే ఎక్కువని చదువుకున్నాం."

"పుస్తకానికి నా పేరు కూడా చెప్పండి" అన్నాను. నవ్వు ఆపుకుంది. ఇంకా కోపం పోలేదు.

11:20కి నన్ను కాన్పుల గదిలో కూర్చోబెట్టి, తానే దగ్గరుండి సిలిండరు తిప్పి, ఆక్సిజన్ ముసుగు ముఖానికి పెట్టింది. కూర్చోలేనన్నాను. "నిలబడే పీల్చండి, ఎవరొద్దన్నారు?" అంది. పద్దెనిమిది నిమిషాలు. చువ్వ వెనక్కి పోయింది.

నాలుగేళ్ళు! కాన్పుల గది నా గదికి పన్నెండు అడుగుల దూరం. మేక కన్నా, పన్ను కన్నా దగ్గర. ముసుగు తీయగానే ఏడ్చాను, ఈసారి రెండు కళ్ళతో.

10 సెప్టెంబరు, సోమవారం

మైక్రోస్కోపు దగ్గర అశ్వారావుపేట నుంచి వచ్చిన పిల్ల కూర్చుంది. నేను ఓపీ చీటీలు రాస్తున్నాను. చేతిరాత బాగుందని అందరూ మెచ్చుకుంటున్నారు. ఒళ్ళు మండిపోతోంది.

మధ్యాహ్నాలు మాత్రం డాక్టరమ్మ పక్కన కూర్చుని ఆగస్టు పద్నాలుగు నుంచి నేను చూసిన స్లైడ్లన్నీ మళ్ళీ చూస్తున్నాను. అడిగింది నేనే. నేను చూశాక ఆమె చూస్తుంది.

13 సెప్టెంబరు

అన్నీ అయ్యాయి. ఇంకో తప్పు దొరికింది. ఎడమ కంటి రోజుల్లోదే. చిన్న మలేరియా, మెదడుకెక్కేది కాదు. ఆ రోగికి తప్పు దొరికిన రోజే మందు పంపాను. మొత్తం రెండు. మెమో కింద నేనే రాసి సంతకం పెట్టాను.

11:20, ఆక్సిజన్, ఇరవై నిమిషాలు.

15 సెప్టెంబరు

ఆదెమ్మ లేచి కూర్చుందని భద్రాచలం నుంచి కబురు. జంపక్క వచ్చి చెప్పింది. అప్పుడు ఆమెతో అసలు సంగతి చెప్పాను. తర్వాత పుట్టలేదు, ఆ రోజే ఉంది, నేను సరిగా చూడలేదు, ఆ పైన నీకు అబద్ధం చెప్పాను అన్నాను. జంపక్క లేచిపోయింది. పదిహేను స్లైడ్లు కొత్త పిల్లకిచ్చి, నా వైపు చూడకుండానే వెళ్ళింది.

20 సెప్టెంబరు, గురువారం

చింతవాగు గూడెంలో జ్వరాల క్యాంపు. మధ్యాహ్నం తర్వాత పెట్టించాను, డాక్టరమ్మ సరేనంది.

ఆదెమ్మ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుంది. సగం అయింది మనిషి. సూదిమందుల వల్ల చెవుల్లో ఇంకా హోరు పోలేదు, గట్టిగా చెప్పాలి. అందుకని గూడెమంతా వినేలా చెప్పాను. "నీ రక్తంలో ఉన్నదాన్ని నేను చూడలేదు. నాకు నొప్పి వచ్చింది. లేవకుండా సగమే చూసి లేదు అని రాశాను. తప్పు నాది."

వీరబాబు లేచి నిలబడ్డాడు. జంపక్క అతని చెయ్యి పట్టుకుంది. ఆదెమ్మ నా కుడి కన్ను వైపు చూసింది.

"నీకు దినాం వస్తదంట గదా. జంపక్క చెప్పింది. వచ్చినప్పుడు కండ్లు ఆనుతయా?"

"ఆనవు."

"ఆనతలేవని చెప్తే అయిపోవు గదా. ఒక దినం ఆగుదును. జరం నాకు కొత్తనా?"

అంతే అంది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని పాలకు పెట్టింది.

ఒక దినం ఆగుదును. గూడెంలోనూ, ఇంటికొచ్చాకా ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. అడగనే లేదు నేను. నన్ను తక్కువ చేస్తారనుకున్నాను. ఆగమని అడిగితే ఆగేవాళ్ళు.

24 సెప్టెంబరు

11:20, పది నిమిషాలు. బలం తగ్గుతోంది దానికి.

27 సెప్టెంబరు

రాలేదు.

28 సెప్టెంబరు

రాలేదు.

30 సెప్టెంబరు, ఆదివారం

రాలేదు. పోయింది. గోళీ లేదు, పన్ను లేదు, మేక లేదు. పోయే తేదీ ముందే రాసి పెట్టాను కదా, చూసుకోండి అని డైరీ తీసుకుపోయి అత్త ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా పేజీలన్నీ తిప్పింది.

"మంచిగ రాసినవ్ పిల్లా. నేను కూడ సోమవారం నాడు సీత్లాకు ఇంకో మేకను మొక్కిన. నీకు చెప్తే కొట్లాడుతవని చెప్పలే."

బలరాం పడీ పడీ నవ్వాడు. సోమవారం అంటే ఇరవై నాలుగు! మళ్ళీ మేకకే పోయింది పేరు. కొట్లాడాను. "నువ్వు రాసుకో, నేను మొక్కుకుంట. ఎవరి పని వాళ్ళది" అంది అత్త.

3 డిసెంబరు

డాక్టరమ్మ యాభై స్లైడ్లు ఇచ్చి చూడమంది. వాటినే ఖమ్మం పంపింది. తేడా లేదు. తాళం తిరిగి ఇచ్చింది.

"ఆగస్టు వస్తే ఏం చేస్తారు?" అని అడిగింది.

"చెప్తాను మేడమ్. అందరికీ చెప్తాను."

10 ఆగస్టు 2008, ఆదివారం

బలరాం అట్టముక్కకు తెల్లరంగు వేసి ఇచ్చాడు. రాసింది నేను. ల్యాబు తలుపుకు మేకు కొట్టి తగిలించాను:

'ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకు పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట వరకు ఇక్కడ స్లైడ్లు చూడరు. చూసే మనిషికి ఆ వేళ తలనొప్పి వస్తుంది, కళ్ళు ఆనవు. ల్యాబు పొద్దున ఏడింటికే తెరుస్తారు. జ్వరం ఎక్కువైనవాళ్ళు ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.'

మందులిచ్చే ఆయన చదివి, "గిట్ల రాసుకుంటే ఇజ్జత్ పోదా మేడమ్?" అన్నాడు. నిరుడు పోయిందాని కన్నా ఎక్కువ పోదులే అన్నాను.

11 ఆగస్టు, సోమవారం

ఏడింటికి నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు జంపక్క కూర్చుని ఉంది. నిరుడు సెప్టెంబరు నుంచి నా చేతికి ఒక్క స్లైడు ఇవ్వలేదు, కొత్త పిల్ల ఉన్నన్నాళ్ళు ఆమెకు, ఆ పిల్ల వెళ్ళాక వేరే దవాఖానాకు తీసుకుపోయింది. బోర్డు కింద నిలబడి కూడబలుక్కుంటూ చదివిందట. గుడ్డలో చుట్టిన పదకొండు స్లైడ్లు నా బల్ల మీద పెట్టింది.

"వచ్చిందా నీ చుట్టం?"

"ఇంకా రాలే. రేపో ఎల్లుండో."

"అయితే జల్దీ చూడకు. మంచిగ చూడు. నాకేం తొందర లేదు, వాగు పొంగితే ఈడనే పండుకుంట."

వరండాలో తుండు పరుచుకుని నిజంగానే పడుకుంది. ఒక్కోదానికి వంద చూశాను. ఇది ఎవరి కోసమూ రెండోసారి రాయక్కర్లేదు.

12 ఆగస్టు, మంగళవారం

వచ్చింది. 11:20.

పదిన్నరకే మైక్రోస్కోపుకు ముసుగు వేసి, తాళం పెట్టి, కాన్పుల గదిలో సిలిండరు పక్కన నిలబడి ఎదురుచూశాను. ఎదురుచూస్తుంటే కొంచెం సిగ్గుపడినట్టు వచ్చింది. నీకు ఇవ్వాల్సింది రెండున్నర గంటలు, ఏడు వారాలు, ఈ మూల. అది కూడా తలుపు మీద రాసి మరీ ఇచ్చాను. నా కుర్చీ వైపు మాత్రం రాకు.

ఇరవై నిమిషాలకు తగ్గింది. ఒంటిగంటకు తాళం తీశాను. బయట ఏడుగురు ఆగి ఉన్నారు.